అండమాన్ పోని అయిదు కుటుంబాలు

2021 సెప్టెంబర్ 14, మంగళవారం. ఉదయం 9:20.

కరీంనగర్, మంకమ్మతోట. ట్రావెల్స్ ఆఫీసు షట్టర్ తాళం పగిలి ఉంది. లోపల టేబుల్ మీద మానిటర్ ఉంది. దాని పక్కన ఉండాల్సిన సీపీయూ లేదు.

"కస్టమర్ల రికార్డులన్నీ దాంట్లనే ఉన్నయ్ మేడం," అన్నాడు ఓనర్ సంతోష్‌రావు. "ఎవడు చేసిండో నాకెరుకే. చొప్పదండి కరుణాకర్. నిన్న సాయంత్రం ఈడికొచ్చి నీ దుకాణం పలగ్గొడ్త అన్నడు."

సీఐ మమతారాణి వింటూనే మానిటర్ వెనక్కి వంగి చూసింది. కేబుల్ తెగలేదు. రెండు పక్కలా ఉండే చిన్న స్క్రూలు ఓపిగ్గా విప్పి, కేబుల్‌ను చుట్టి పక్కన పెట్టారు. కింద యూపీఎస్ స్విచ్ కూడా ఆపి ఉంది.

సొరుగు లాగింది. నోట్ల కట్ట ఉన్నచోటే ఉంది.

"దొంగ పైసలు ముట్టలేదేంది?"

"వానికి నా మీద కోపం మేడం. అండమాన్ టూరు రద్దయింది. రీఫండ్ కావాలంటడు. రూల్స్ ఒప్పుకోవాలె గదా."

ఆ మాటకు మమతారాణికి ఒళ్లు మండింది. కరోనా వచ్చిన దగ్గర్నుంచి ఎవడి నోట విన్నా ఈ రూల్సే. డబ్బు కట్టినవాడికే రూల్స్, పట్టినవాడికి ఏమీ లేవు. విమానం వాళ్లను అడిగితే హోటల్ అంటారు. హోటల్‌ను అడిగితే ఏజెంట్ అంటారు. ఏజెంట్ చేతిలో ఒక ఓచర్ పెట్టి చెయ్యి దులుపుకుంటాడు.

"ఒక్క మాట మేడం," సంతోష్‌రావు గొంతు తగ్గించాడు. "రీఫండ్ వద్దని వాడు రాసిస్తే నేను కంప్లయింట్ వాపస్ తీసుకుంట. గురువారం వానికి మస్కట్ ఫ్లైట్ ఉన్నది, పాపం."

దొంగను పట్టకముందే ఇంత దయ మమతారాణి ఎక్కడా చూడలేదు. నోట్‌బుక్‌లో ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుంది.

11:05. చొప్పదండి.

కరుణాకర్ మస్కట్‌లో క్రేన్ ఆపరేటర్. 2020 మార్చిలో సెలవు మీద వచ్చి లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయాడు. వాకిట్లో తండ్రి లింగమూర్తి, తల్లి బాలలక్ష్మి ఉన్నారు. భార్య వందన చంకలో ఎనిమిది నెలల కొడుకు.

"నిన్న రాత్రి యాడున్నవ్?"

"ఇంట్లనే మేడం."

"ఎవలు చూసిన్రు?"

"అవ్వ, బాపు, నా భార్య."

"ఇంటోళ్ల సాక్ష్యం నడువది."

"నాకెరుకే. నిన్న కలెక్టర్ దగ్గరికి పోత అన్న. గందుకే గాయన నా పేరు చెప్పిండు. ఎల్లుండి ఫ్లైటు. కేసైతే నన్ను పోనియ్యరు. ఏడాదిన్నర సంది ఖాళీగున్న. గీసారి రాకపోతే ఇంకొకన్ని పెట్టుకుంట అన్నడు కంపెనీ వాడు. గప్పుడు మేమేం తినాలె?"

మమతారాణి టూరు సంగతి అడిగింది. తల్లి సముద్రాన్ని చూసింది వీడియో కాల్‌లోనే. కళ్లారా చూపిద్దామని 2020 ఏప్రిల్‌కు అండమాన్ బుక్ చేశాడు. లాక్‌డౌన్ వచ్చింది, డబ్బు ఓచర్ అయింది. ఈ ఆగస్టులో ఓచర్ మీదే మళ్లీ బయలుదేరాలనుకున్నారు. విమానం ఎక్కాలంటే నలభై ఎనిమిది గంటల లోపు ఆర్టీపీసీఆర్ రిపోర్టు ఉండాలి. ఏజెన్సీ మనిషి రాకేశ్ ఇంటికే వచ్చి సాంపిల్స్ తీసుకున్నాడు. పెద్దవాళ్లు నలుగురిలో బాలలక్ష్మికి పాజిటివ్, మిగతా ముగ్గురికీ నెగెటివ్. ఇంట్లో ఒకరికి వస్తే ఎవరూ కదలకూడదన్నారు. తప్పు కస్టమర్‌ది కాబట్టి రీఫండ్ లేదన్నారు. ఓచర్ గడువూ అయిపోయింది. బాలలక్ష్మిని పద్నాలుగు రోజులు వెనక అర్రలో ఉంచారు. గిన్నె గడప దగ్గర పెట్టి అందరూ దూరం జరిగేవారు.

బాలలక్ష్మి అంతసేపూ సీఐనే చూస్తోంది.

"మీకు గూడ గా టెస్ట్ చేసిన్రా బిడ్డా?"

"నాలుగుసార్లు చేసిన్రమ్మా."

"ముక్కుల పుల్ల పెడితే నొస్తదా? మస్తు లోపటికి పోతదా?"

"అత్తమ్మా, లోపట చాయ్ పెట్టు పో," అంది వందన గబుక్కున.

మమతారాణి నాలుగు రిపోర్టులూ తీసుకుని జీపెక్కింది.

1:30కు హెడ్ కానిస్టేబుల్ హనుమండ్లు అదే టూరు బ్యాచ్‌లో ఆగిపోయిన మిగతా నాలుగు కుటుంబాల రిపోర్టులు తెచ్చాడు. 2:15కు మమతారాణి రిపోర్టుల మీద పేరున్న ల్యాబ్‌కు ఫోన్ చేసింది. 2:40కు హనుమండ్లును సుల్తానాబాద్‌లోని సంతోష్‌రావు రైస్ మిల్లుకు పంపింది.

సాయంత్రం 4:30. స్టేషన్.

బెంచీ మీద కరుణాకర్ కుటుంబం. ఎదురుగా సంతోష్‌రావు, పక్కన రాకేశ్.

"అయిదు కుటుంబాలు," అంది మమతారాణి. "ప్రతి ఇంట్ల ఒక్కరికే పాజిటివ్. అయిదిండ్లల్లా పెద్దామెకో పెద్దాయనకో వచ్చింది. గీ కరోనాకు వయసు చూసి పట్టుడు ఎవరు నేర్పిన్రు సంతోష్‌రావు గారూ?"

"ముసలోళ్లకు తొందరగ వస్తది మేడం."

"మంచిది. వందనా, గా రోజు ఎన్ని సాంపిళ్లు ఇచ్చినవ్?"

వందన తల వంచుకుంది. "రెండు మేడం. అత్తమ్మ పుల్లకు భయపడి ఏడ్చింది. ఆమె పేరు మీద గూడ నేనే ఇచ్చిన. కేసైతదని చెప్పలే."

"పుల్ల నొస్తదా అని మీ అత్త నన్ను అడిగినప్పుడే సమజైంది. టెస్ట్ అయినోళ్లు గా మాట అడుగరు." రెండు కాగితాలు సంతోష్‌రావు ముందు పెట్టింది. "గీ రెండు సాంపిళ్లు ఒక్క మనిషివే. తీసింది నిమిషం తేడాల. ఒకటి నెగెటివ్, ఒకటి పాజిటివ్ ఎట్లొచ్చింది?"

"ల్యాబోళ్ల తప్పు కావచ్చు."

"ల్యాబ్‌ను అడిగిన. గా తేదీన మీ ఏజెన్సీ నుంచి ఒక్క సాంపిల్ రాలేదు. రాకేశ్, గా పుల్లలు యాడికి పోయినయ్?"

రాకేశ్ ఓనర్ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "చెత్తబుట్టల ఏసిన మేడం. టికెట్లే బుక్ చెయ్యలే. ఇంట్ల ఒకరికి వచ్చిందంటే వాళ్లే ఆగిపోతరు, రీఫండ్ అడుగరు అన్నడు సారు. రిపోర్టులు మా కంప్యూటర్లనే చేసినం. ఎట్లయిన పారేసేదే గదా, ఎవల ముక్కైతే ఏందని గామె రెండుసార్లిచ్చిన సంగతి సారుకు చెప్పలే."

ఆ కాగితం చూసి ఎదురడిగినవాళ్లు ఒక్కరూ లేరు. పాజిటివ్ అంటే చాలు, జనం వణికిపోయి తలుపులేసుకున్నారు. ఆ భయాన్నే ఈ పెద్దమనిషి అమ్ముకున్నాడు.

"నిన్న కరుణాకర్ కలెక్టర్ దగ్గరికి పోత అన్నడు. రిపోర్టులు బయటపడ్తయని నువ్వే సీపీయూ తీసినవ్. అలవాటు కొద్దీ స్క్రూలు విప్పినవ్, యూపీఎస్ ఆపినవ్. దొంగకు అంత ఓపిక ఉండది. పోయేటప్పుడు బయట తాళం పలగ్గొట్టినవ్. సీపీయూ నీ మిల్లుల తౌడు బస్తాల ఎనుక దొరికింది, హనుమండ్లు తెస్తుండు. కరుణాకర్, నీ మీద కేసు లేదు. ఎల్లుండి నువ్వు పోవచ్చు."

లింగమూర్తి కొడుకు భుజం పట్టుకున్నాడు. సంతోష్‌రావు కుర్చీలో ముందుకు జరిగాడు.

"కరుణాకర్, మొత్తం పైసలు గిప్పుడే ఇస్త. ఎందుకు పరేషాన్? కంప్లయింట్ ఇస్తే నువ్వు మస్కట్ కెల్లి వాయిదాలకు వస్తవా?"

వస్తానని కరుణాకర్ ఎలా చెప్పగలడు? సంతోష్‌రావు దేశంలో ఉన్న ఇలాంటి మోసగాళ్లందరి లెక్కే వేశాడు. జనానికి వేరే బతుకు ఉంటుంది. విసిగిపోయి ఇచ్చింది పుచ్చుకుని వెళ్లిపోతారు.

బాలలక్ష్మి లేచి నిలబడింది.

"ఇచ్చింది నీ సాంపిల్ కాదని తెలుసు గదా అమ్మా. అయినా గా అర్రల ఎందుకున్నవ్?" అడిగింది మమతారాణి.

"అది నాది కాదంటే గా అర్రల కోడల్ను ఏస్తరు గదా బిడ్డా. పాలు తాగే పోరడున్నడు. ఇంటోళ్లందరికీ ఎరుకే. అయినా ఎవ్వలూ ఏమనలే, నేను గూడ ఏమనలే."

కరుణాకర్ తలెత్తలేకపోయాడు. తల్లి అతని వైపు చూడకుండానే చెప్పింది.

"నువ్వు పో కొడుకా, నీ ఫ్లైటుకు పో. పద్నాలుగు దినాలు తలుపవుతల పోరడు ఏడుస్తుంటే నేను ఎత్తుకోలే. కంప్లయింట్ నేనిస్త. రాసుకో బిడ్డా."

"ఏండ్లు పడ్తదమ్మా," అంది మమతారాణి. "ఎన్నిసార్లు రమ్మంటరో నాకే తెల్వది."

"ఎన్నిసార్లు రమ్మన్నా వస్త. నాకేం పనున్నది? గీయన నన్ను యాడికీ పోనియ్యకపాయె."

మమతారాణి కొత్త కాగితం తీసి, పైన బాలలక్ష్మి పేరు రాసింది.