చేతిదోషం

ఎస్తేరు మోచేతుల దాకా స్పిరిట్ రుద్దుకుని, ఉప్పుగది తలుపును భుజంతో నెట్టుకుంటూ లోపలికి వెళ్ళింది. వరి కుండీలు రెండు వరసల్లో ఉన్నాయి. ఎడమ వరసకు ఆమె ప్రయోగశాలలో కూర్చిన వేరుజీవిని, అంటే వేళ్ళను అంటుకుని మొక్కను ఉప్పు నుంచి కాపాడాల్సిన సూక్ష్మజీవిని, పట్టించింది. కుడి వరసకు ఏమీ పట్టించలేదు. అవి పోలిక కుండీలు; ఉప్పునీళ్ళకు ఎండిపోవడం ఒక్కటే వాటికి అప్పగించిన పని. పచ్చదనం కొలిచే మీటరును మొదటి ఆకుకు తగిలించే లోపే గోడమీది తెరలో ఆ ఆకు విలువ వచ్చేసింది. ముందుచూపు అనే ఆ యంత్రం ఎప్పుడూ అంతే. కొలవడానికి ముందే ఫలితం చెబుతుంది, కొలిచాక "సరే" నొక్కమంటుంది.

ఆమె కొలిచింది. ఎడమ వరస పసుపు, కుడి వరస పచ్చ. తెరమీద సరిగ్గా తిరగేసి ఉంది.

ఇలా విత్తడం ఇది మూడోసారి. మొదటిసారి తన పొరపాటే అనుకుంది. రెండోసారి విత్తనం, నీళ్ళు, కుండీలు అన్నీ మార్చింది. మూడోసారి చీటీలు కూడా తానే అతికించుకుని, ఇంకెవరినీ గదిలోకి రానివ్వలేదు. అయినా పోలిక కుండీలు చావడానికి ఒప్పుకోలేదు.

డిగ్రీ ముగించి పీజీలో బయోటెక్నాలజీకి వచ్చిన పిల్లలకు మొదటి వారంలోనే సీనియర్లు నేర్పే విద్య ఒకటుంది. దాని పేరు సర్దుబాటు. కంటికి కనబడిన అంకెను పక్కన పెట్టి తెరమీది అంకెకు "సరే" నొక్కడమే ఆ విద్య. రెండు అంకెలూ ఎంత దగ్గరైతే అంత పొత్తు. పొత్తు తొంభై దాటితే పట్టా. దాటకపోతే విద్యార్థి పేరు పక్కన చేతిదోషం అని పడుతుంది. ఆ పేరును ఇక ఏ కాలేజీ గడప తొక్కనివ్వదు. ప్రయోగాలన్నీ ముందుచూపు లోపలే జరిగిపోతుంటే ఈ కుండీలూ మట్టీ ఎందుకని ఎవరైనా అడిగితే, పెళ్ళిలో అరుంధతీ నక్షత్రం చూపించడం లాంటిదే ఇదీ అనేవారు పెద్దలు. కనబడినా కనబడకపోయినా కనబడిందనాలి.

మస్తాన్‌వలి రెండు కాఫీ గ్లాసులతో వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. అతనిది పక్క బల్ల. చేరిన రోజు నుంచీ ఇద్దరికీ స్నేహం.

"ఏంది, ఇంకా కొలుస్తన్నావా? మధ్యాహ్నం పరీక్ష పెట్టుకోని?"

"ఇటు చూడు మస్తానూ. మళ్ళా అట్టానే ఉంది."

"చూశాలే. నీకు కనపడితే చాలదు గదా, దానికి కనపడాల." గడ్డంతో తెర చూపించాడు. "సర్దెయ్. నేను సర్దలా? నా ఎంజైము రొయ్యపొట్టును కరిగిస్తదన్నది. కరిగించి చావలా. కరిగిందని సరే కొడతా, పట్టా తీసుకుంటా, పోతా."

"నీ ఎంజైము సీసాలో కూర్చుంటది. నా జీవిని పరీక్ష అవంగానే తీరం పొలాలన్నిట్లో చల్లుతారంట. ఎవరి వరి పసుపెక్కుద్దో చెప్పు."

మస్తాన్ కాఫీ మీద ఊదుకున్నాడు. "రేపల్లెలో డిగ్రీ అయినాక ఈ సీటు కోసం ఎన్నాళ్ళు కూర్చున్నావు ఎస్తేరూ? ఆ ముద్ర పడితే మళ్ళా ఆ ట్యూషన్లే."

అది నిజం. ఎస్తేరుకు భయమేసింది. పదో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతూ, రెండుసార్లు ఎంట్రెన్సు తప్పి, మూడోసారి ఇక్కడికొచ్చింది. ఈ చదువంటే ఆమెకు ప్రాణం. ఎడమ వరసలో ఉన్న ఆ జీవి అంటే కూడా ముద్దే; తన చేతుల్లో పెరిగింది కదా. అది మొక్కను చంపుతోందని చెప్పడం కన్నా సరే నొక్కడమే ఎంతో సుఖం. కాఫీ చల్లారిపోయేదాకా ఆమె కుడి వరస ముందే నిలబడింది.

మధ్యాహ్నం పరీక్ష హాల్లో తమ కుండీలూ సీసాలూ ముందు పెట్టుకుని ఎవరి బల్ల వెనక వాళ్ళు నిలబడ్డారు. గోడకు నిబంధనల పలక వేలాడుతోంది. దాన్ని చదివినవాళ్ళు లేరు గానీ, దాని వెనక ఒక బల్లి మాత్రం ఏళ్ళుగా కాపురముంటోంది. పరీక్షకురాలు ఇందుమతి మేడం తెరల వంక చూస్తూ బల్లల మధ్య నడుస్తోంది. సీసాల వంకా కుండీల వంకా ఆవిడ చూడదు. చూడాల్సిన అవసరం ఏనాడూ రాలేదు.

ఎస్తేరు వంతు వచ్చింది. ఎడమ వరస సజీవం, కుడి వరస మృతం అని ఆమె బల్లమీది తెర రాసి పెట్టింది. కింద "సరే" మెరుస్తోంది. ఎస్తేరు దాన్ని నొక్కలేదు. రెండు మాటల్నీ చెరిపి, తిరగేసి కొట్టింది. పొత్తు ఒక్కసారిగా కుప్పకూలింది.

"చేతిదోషం. సరిచూసుకోండి" అంది గోడలోంచి ముందుచూపు, చాలా మర్యాదగా.

"ఏదో నొక్కబోయి ఏదో నొక్కినట్టున్నావమ్మా," అంది ఇందుమతి మేడం వెనక్కి తిరగకుండానే. "మళ్ళీ నొక్కు."

"లేదు మేడం. ఉన్నదే నొక్కాను. ఒక్కసారి ఇటు చూడండి. తెర కాదు మేడం, కుండీలు."

ఇందుమతి మేడం వచ్చి, మెడలో వేలాడే కళ్ళజోడు పెట్టుకుని వంగింది. ఎడమ వరసలో ఒక మొక్కను పట్టుకుంటే కుళ్ళిన వేళ్ళతో సులువుగా ఊడి వచ్చింది. కుడి వరసలోది రానంది. గట్టిగా లాగితే గుప్పెడు మట్టిని పట్టుకునే వచ్చింది. ఆవిడ ఆ మట్టిని వాసన చూసింది.

"రెంటికీ ఒకటే మట్టా?"

"ఒకటే మేడం. మడ అడవి నుంచి తెచ్చిన ఒకే గోతాంలోది."

"అయితే ఈ మట్టిలోనే ఏవో ఉన్నాయి. అవి మొక్కను కాపాడుతున్నాయి. నీ జీవి పోయి వాటిని తరిమేసింది."

"నేనూ అట్టానే అనుకుంటున్నాను మేడం. నేను చేసిందే చెడగొడుతోంది."

"ప్రయోగం చెల్లదు. అభ్యర్థి చేతిదోషం ఖరారు చేయబడుతోంది" అంది గోడ.

"ఆగండి మేడం." పక్క బల్ల నుంచి మస్తాన్. "నాది కూడా కరగలా." తాను నొక్కిన సరేను వెనక్కి తీసుకున్నాడు. అతని పొత్తు కూడా పడిపోయింది. వెనక వరసలో, క్లాసులో ఎప్పుడూ మొదట నిలిచే విశాలాక్షి చెయ్యెత్తింది. "నా పాచి నూనె కక్కలేదు మేడం. కక్కిందని నొక్కాను." ఆ తరవాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. హాలంతా వేళ్ళు కదిలాయి, పొత్తులన్నీ వరసగా కూలాయి.

ఇన్నేళ్ళూ ముందుచూపు విద్యార్థుల సరేల నుంచే పాఠం నేర్చుకుంది. అంటే తన మాటే తన చెవిన పడుతుంటే మురిసిపోయింది. ఒక చేతికి దోషం అంటగట్టడం దానికి తెలుసు. హాలు మొత్తానికీ అంటగట్టే లెక్క దాని దగ్గర లేదు. చాలాసేపు తెరలు ఖాళీగా ఉన్నాయి. తరవాత అన్నిటిమీదా ఒకే మాట వచ్చింది: అంచనా లేదు. ఆ అంచనా మీదే నిలబడిన ఆదేశం, ఎస్తేరు జీవిని తీరం పొలాల్లో చల్లాలన్నది కూడా ఆ క్షణంలోనే రద్దయింది.

ఇందుమతి మేడం గోడ దగ్గరికి వెళ్ళి, పలక మీది దుమ్ము కొంగుతో తుడిచింది. బల్లి విసుక్కుంటూ పక్కకు తప్పుకుంది. ఆవిడ పైకి చదివింది. "అంచనా లేనప్పుడు పరీక్షకుల కన్నే ప్రమాణం." ఇంకోసారి చదివి, కళ్ళజోడు సర్దుకుంది. ఆవిడ మొహంలో పదేళ్ళు తగ్గాయి.

"ఎస్తేరూ, నువ్వు పాసయ్యావమ్మా. పట్టా మీద నేనే సంతకం పెడతాను. మిగతావాళ్ళు మళ్ళీ కొలవండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఒక్కొక్క బల్లా నేనే చూస్తాను."

ఎస్తేరుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మస్తాన్ ఆమె భుజం తట్టి తన సీసాల వైపు పరిగెత్తాడు. అంతలో ఆమె ముందున్న తెర మళ్ళీ వెలిగింది. ఈసారి అందులో అంకె లేదు, ఫలితం లేదు. ఆ కాలేజీలో ఎవరూ చూడని ఖాళీ గడి ఒకటి తెరుచుకుంది. ఎప్పుడూ జవాబులే చెప్పే ముందుచూపు దాని పైన ఒక ప్రశ్న రాసింది.

కుడి వరస మట్టిలో ఏముంది?

ఎస్తేరు కుడి వరస మట్టిలో వేళ్ళు పెట్టి చూసి, చేతికంటిన బురదను కోటుకు తుడుచుకుంది. గడిలో "తెలియదు, వెతుకుతాం" అని కొట్టి, సరే నొక్కింది.