తొమ్మిదో నంబర్ తలుపు

డోర్కాస్ పరుగెడుతోంది!

వెనక బూట్ల చప్పుడు... ఇనుప రాడ్ గోడకు రాసుకుంటున్న చప్పుడు.

"ఏయ్! ఫోన్ ఇచ్చి పో!"

వీరేందర్ అరుపు. ఈ గోడౌన్ మేనేజర్ అతనే.

సాతంరాయి దగ్గర, హైవే పక్కనున్న గోడౌన్. రెండు నెలల క్రితం కాలిపోయింది. పట్టపగలే లోపలంతా మసి చీకటి.

ఆమె చేతిలో ఫోన్. తెర మీద మ్యాప్. అందులో కదులుతున్న నీలం చుక్క... తనే!

ఆ మ్యాప్ ఆమె చేసిందే. బిల్డింగ్ డ్రాయింగులను బయటి రోడ్ల మ్యాప్‌తో కలిపింది. లోపల ఎవరు ఏ మూలనున్నా దారి చూపిస్తుంది.

మంటలు లేచిన రోజు అది లోపలి కూలీలందరినీ తొమ్మిదో నంబర్ తలుపు వైపు పంపింది.

అక్కడ తలుపు లేదు. గోడ ఉంది!

ఆ గోడ దగ్గరే దొరికాడు బ్లెసన్. ఇక్కడి సెక్యూరిటీ గార్డు. ఆమె తమ్ముడు.

"నీ మ్యాపే మింగింది వాణ్ణి," అంది అమ్మ. ఆ తర్వాత ఆమెతో మళ్లీ మాట్లాడలేదు.

ఇందాకే ఆ గోడను గీకి ఫొటో తీసింది. మసి కింద కొత్త ఇటుకలు. వాటి వెనక తలుపు చట్రం! మ్యాప్ తప్పు కాదు... ఎవరో తలుపు మూసేసి గోడ కట్టారు.

ఫొటోతోపాటు, తన నీలం చుక్క కనిపించే లింక్ కూడా ఈ కేసు చూస్తున్న ఎస్సై మల్లేశ్వర్‌కు పంపింది.

ఎడమకు... మళ్లీ ఎడమకు... మెట్లు!

కాలు జారింది!

వీరేందర్ రాడ్ ఎత్తాడు...

"కింద పడెయ్!"

మెట్ల కింద మల్లేశ్వర్. చేతిలో పిస్టల్.

రాడ్ ఠంగుమని పడింది.

"నా తమ్ముణ్ణి సంపినవ్!" డోర్కాస్ వీరేందర్ కాలర్ పట్టుకుంది. "మ్యాప్ నమ్మి వచ్చి, నువ్వు కట్టించిన గోడకాడ సచ్చిండు!"

వీరేందర్ తల దించుకున్నాడు.

"దొంగతనాలు అయితున్నయని కట్టించిన... గానీ వాడు మ్యాప్ చూసి పోలే. గోడ సంగతి వానికి ఎరుకే. కూలగొట్టుమని నాతోని లొల్లి గిట్ల పెట్టుకుండు."

ఆమె పట్టు వదులైంది.

"మరి... అటెందుకు పోయిండు?"

"వాడు గేటుకాడ, బయటనే ఉండె. లోపటోళ్లు అటు ఉరుకుతున్నరని... ఎనక్కి మళ్లియ్యనీకి పోయిండు. పదకొండు మంది బయటికొచ్చిన్రు. తెల్లారే అందర్ని వాళ్ల ఊర్లకు తోలేసిన... నోరు ఇప్పొద్దని."

"ఆఖరికి ఏమన్నడు?"

"'ఇటు తొవ్వ లేదు, ఎనక్కి ఉరుకున్రి'... పొగల వాని గొంతొక్కటే ఇనబడ్డదంట."

రెండు నెలలుగా కన్నీరు రాని డోర్కాస్, మసి మెట్ల మీద కూలబడి బావురుమంది.