టాన్‌హోఫ్ పాట పూర్తి కాకూడదు

వియన్నా డాన్యూబ్ కాలువలో, మనుషుల్ని రహస్యంగా సరిహద్దు దాటించే కొరియర్ శవం తేలిన మర్నాడు, గూఢచారి శాఖ పెద్ద హోఫ్‌రాట్ జైడ్లర్ తన ఏజెంట్ ఫైట్ లాన్‌సింగర్‌ని కాఫీహౌస్‌కి పిలిపించాడు.

"లోపలి మనిషెవరో వాడిని పట్టించారు," అన్నాడు హోఫ్‌రాట్. "వాడి బదులు మెలిటా వస్తోంది. ఇంజనీరుని ఆమెకి అప్పగించు."

"ఆమెని మీరు చూశారా?"

"లేదు. లండన్‌లో మన ఏజెంటు. పుట్టి పెరిగింది వియన్నాలోనే అని ఫైల్లో ఉంది."

"పట్టించింది ఆమే అయితే?"

"అది కనిపెట్టడానికేగా నువ్వున్నది. కాఫీ చల్లారిపోతోంది, తాగు."



అతని కవర్, పాత గ్రామఫోన్ రికార్డుల కొట్టు. బీరువా వెనక అరలో బుడాపెస్ట్ నుంచి పారిపోయి వచ్చిన రాడార్ ఇంజనీరు గెర్గెయ్ దాక్కున్నాడు. కొరియర్ వచ్చి కోడ్ చెబితే ఫైట్ ఒపెరా గాయకుడు టాన్‌హోఫ్ రికార్డు పెట్టాలి. పాట పూర్తి కాగానే గెర్గెయ్ బయటికి రావాలి.

మధ్యాహ్నం మంచు కురుస్తుండగా ఆమె వచ్చింది. నల్ల బొచ్చు కోటు, రెండు చేతులూ దూర్చుకున్న బొచ్చు సంచి, చూపు తిప్పుకోనివ్వని ముఖం. ఫైట్ వియన్నా మర్యాద ప్రకారం వంగి, ముద్దు పెట్టడానికి ఆమె చెయ్యి కోసం చూశాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.

"చలి," అని నవ్వింది. "టాన్‌హోఫ్ రికార్డులున్నాయా?"

"జర్మన్‌లో పాడినవి ఇప్పుడెవరు వింటున్నారు మేడమ్?"

"చిన్నప్పుడు విన్న చెవులు మారవు."

కోడ్ పొల్లుపోలేదు. ఫైట్ గ్రామఫోన్ కీ తిప్పాడు. చేతులు వణుకుతుంటే సగం తిప్పి వదిలేశాడు. ముల్లు దించాడు. చచ్చిపోయి ఇరవై ఏళ్ళయిన టాన్‌హోఫ్ గరగరల మధ్య నుంచి గొంతెత్తాడు.

"నాన్నతో ఒపెరా గ్యాలరీలో నిలబడి ఈ పాట ఎన్నిసార్లు విన్నానో," అంటూ ఆమె కళ్ళు మూసుకుంది. గొంతు బయటికి రాకుండా పెదవులు పాటతో పాటు కదులుతున్నాయి.

ఫైట్ ఆ పెదవుల్ని చదివాడు. అవి పలుకుతున్నవి ఇటాలియన్ మాటలు.

పాట పుట్టింది ఇటలీలోనే, కానీ టాన్‌హోఫ్ జన్మలో ఇటాలియన్‌లో పాడలేదు. ఆ రోజుల్లో వియన్నా గ్యాలరీలో పెరిగిన పిల్లలకి ఏ దేశపు ఒపెరా అయినా జర్మన్‌లోనే నోటికొచ్చు. ఈవిడ పాటని ఎక్కడో పరాయి ఊళ్ళో, పరాయి రికార్డుల్లో నేర్చుకుంది. నాన్నా అబద్ధమే, గ్యాలరీ అబద్ధమే. బొచ్చు సంచిలో దాచిన చేతుల్లో ఏముందో ఇప్పుడు అర్థమైంది.

ముల్లు ఎత్తితే ఆమె కాలుస్తుంది. ఎత్తకపోతే పాట అయిపోతుంది, గెర్గెయ్ తలుపు తీసుకుని నేరుగా తూటాకి ఎదురొస్తాడు. ఫైట్‌కి చచ్చేంత భయం వేసింది. ముల్లు రికార్డు మధ్యకి జరుగుతూనే ఉంది.

అంతలో టాన్‌హోఫ్ గొంతు జావగారింది. పాట సాగి సాగి మూలుగైంది. సగమే తిప్పిన కీ అయిపోయింది.

"కీ తిప్పండి," అంది ఆమె, కళ్ళు తెరిచి.

ఫైట్ చేతులు చూపించాడు. ఆకుల్లా వణుకుతున్నాయి. అందులో నటన ఏమీ లేదు.

"నావల్ల కావట్లేదు మేడమ్. మొన్న కొరియర్‌ని చంపేశారు. నాకు పెళ్ళాం పిల్లలున్నారు. కాస్త మీరే..."

"మగవాళ్ళని పెడతారు ఇలాంటి పనులకి," అని విసుక్కుంది.

పాట పూర్తయితేనే గెర్గెయ్ బయటికొస్తాడని ఆమెకీ తెలుసు. ఒక చేత్తో కీ తిప్పి చూసింది. పెట్టె జరిగిపోయింది. రెండో చేత్తో పెట్టె పట్టుకుంది. బొచ్చు సంచి బల్ల మీద మిగిలింది.

ఫైట్ దాని మీద పడ్డాడు. లోపల పిస్తోలు ఇంకా వెచ్చగా ఉంది.

"కదలకండి మేడమ్. వణికే చేతుల్లో ఉంది, ఎప్పుడు పేలుతుందో నాకే తెలీదు."

ఆమె చేతులు మెల్లగా పైకెత్తింది. కానీ కీ తిరిగింది కదా, టాన్‌హోఫ్ మళ్ళీ లేచి చివరి స్వరం దాకా పాడేశాడు. చెప్పింది చెప్పినట్టు గెర్గెయ్ బీరువా తలుపు తీసుకుని వచ్చాడు. పిస్తోలుని చూశాడు, చేతులెత్తి నిలబడ్డ అందగత్తెని చూశాడు, సంగతి విన్నాడు.

"మా బుడాపెస్ట్‌లో ఈ పాట హంగేరియన్‌లోనే పాడతారండీ," అన్నాడు నిట్టూర్చి. "జర్మన్‌లో రెండోసారి వినిపించేటట్టయితే, ఆ పిస్తోలు ఆవిడకి తిరిగిచ్చేయండి."