రెండో తెర మీద అంకె

హఫీజ్‌పేట్ స్టేషన్‌కి ఫర్లాంగు దూరంలో, పట్టాల పక్కన సుబ్రహ్మణ్యం శవం దొరికింది. 1974 ఆగస్టు, సోమవారం ఉదయం. రైలు గుద్ది పోయాడని పోలీసులు రాసుకున్నారు. రైలు గుద్దినవాడి మెడ మీద సూది గుచ్చిన గుర్తెందుకుందో వాళ్ళు అడగలేదు.

అడిగినవాడు నరసింహమూర్తి, సీక్రెట్ సర్వీస్ చీఫ్. ఆ రోజు ఆయన స్టేషన్ పార్సిల్ ఆఫీసులో, మాసిన కోటు తొడుక్కున్న గుమస్తా. ఎదురుగా పార్సిల్ కోసం వచ్చినవాడిలా నిలబడ్డవాడు భీమేశ్వరరావు, ఏజెంట్ నంబర్ పదిహేడు.

"పోయినవాడు శేరిలింగంపల్లి గుట్టల్లో ఉన్న మన లాబొరేటరీ ప్రోగ్రామర్. రాకెట్ ఇంజన్‌కి ఇంధనం తోసే పంపుని నడిపే కంప్యూటర్ అతనిదే. గురువారం పదింటికి టెస్ట్. దాన్ని పేల్చెయ్యమని విదేశీ ముఠాకి ఆర్డర్ వచ్చింది. జేబులో ఇది దొరికింది."

చీటీ మీద ఒకటే వాక్యం. రెండో పరీక్ష జరగడం లేదు.

"రత్నమాలకి చెప్పనా సర్?"

"చెప్పు. ముఠాలో చేరినట్టు నటిస్తోంది గానీ, ఆవిడ మన మనిషి."

భీమేశ్వరరావు చీటీ చీఫ్‌కి తిరిగిచ్చేశాడు. రత్నమాల గురించి అనవలసింది చాలా ఉంది, చీఫ్‌తో అనేది కాదు.

ఆర్నెల్ల కింద అతను ఆపరేటర్ వేషంలో లాబొరేటరీకి వచ్చిన రోజు, తెల్ల హెరాల్డ్ కారులోంచి రత్నమాల దిగింది. నల్ల కళ్ళద్దాలు, నీలం షిఫాన్ చీర. మియాపూర్ బస్సు వెళ్ళిపోయిందా అండీ అని అతను కోడ్ అడిగాడు. వెళ్ళిపోయింది, మీ గొడుగు అందులోనే ఉంది అని ఆవిడ జవాబిచ్చింది. అక్షరం తప్పలేదు. ఆ తర్వాత ఏం అడిగినా ఆవిడ జవాబు తప్పలేదు. రాజమండ్రిలో అమ్మకి జబ్బు, అమ్మ లేచి తిరగ్గానే అతనితో పెళ్ళి. అతని లైటర్‌లో కెమెరా ఉంది, బూటు మడమలో ట్రాన్స్‌మిటర్ ఉంది. మనసు చూసే పరికరం మాత్రం ప్రభుత్వం ఏ ఏజెంట్‌కీ ఇవ్వలేదు.

ఆ కంప్యూటర్‌కి టీవీలాంటి తెరలు రెండు. ఒకదాని ముందు రత్నమాల, రెండో దాని ముందు అతను. పంపు ప్రెషర్ ఎంతో తెర మీది గడిలో కొట్టాలి. అంకెకి బదులు అక్షరం కొడితే గడి ఒప్పుకోదు. వంద దాటితే గంట మోగుతుంది. వంద లోపల ఏది కొట్టినా సరేనంటుంది. ఆ అంకె ఉండదగ్గదా కాదా, అంతవరకే దానికి తెలుసు. నిజమా కాదా అన్నది దానికి పట్టదు.

అందుకే రెండో తెర పెట్టారు. ఇద్దరూ వేరువేరు కాగితాలు చూసి కొట్టాలి. రెండూ కలిస్తేనే పంపు కదులుతుంది, కలవకపోతే గంట మోగుతుంది.

గురువారం తొమ్మిదిన్నరకి గది ఊడుస్తూ సక్కుబాయి అతనితో మాట కలిపింది.

"గీ రెండు డబ్బలెందుకు సారూ? రత్నమాలమ్మ సదువుతది, నువ్వు గొడ్తవు. ఒక్క డబ్బతోని అయ్యే పనే గద?"

భీమేశ్వరరావుకి సుబ్రహ్మణ్యం చీటీ గుర్తొచ్చింది. జరగని రెండో పరీక్ష అంటే ఈ రెండో తెరే. రెండో కాగితం డైరెక్టర్ సీతారామయ్య బీరువాలో ఉంటుంది. సంతకం పెట్టి తెచ్చుకోవాలి. అంత నడక ఎవరికి ఓపిక? మొదటి ఆపరేటర్ పైకి చదవడం, రెండో ఆపరేటర్ విని కొట్టడం. ఆ లాబొరేటరీలో మొదట్నించీ అదే అలవాటు. పెద్ద చదువులవాళ్ళు పెట్టిన కాపలాని పెద్ద చదువులవాళ్ళే నిద్రపుచ్చారు. ఆర్నెల్లుగా అతనూ వినే కొట్టాడు. ఆ గొంతు వినడం అతనికి ఇష్టం కూడా.

లేచి వెళ్ళబోతుంటే సక్కుబాయి మళ్ళీ అంది. "మా పోరడు పెంటయ్య షెడ్డుల బోల్టులు బిగిస్తుండు. జర పైలం సారూ."

సీతారామయ్య కాగితం చేతికిచ్చి టెస్ట్ షెడ్డుకి వెళ్ళిపోయారు. అక్కడ పెంటయ్యతో కలిపి పదకొండుమంది పనివాళ్ళున్నారు. కాగితం మీద యాభై ఐదు. డెబ్బై దాటితే ట్యాంకు బద్దలవుతుంది.

పదికి రెండు నిమిషాలు. కాగితం జేబులో ఉంది. రత్నమాల తన గడి నింపి, ఎప్పట్లాగే అతని వైపు తిరిగింది. యాభై ఐదు అను, చాలు, అనుకున్నాడతను. జీవితంలో దేవుణ్ణి అడిగిందల్లా ఆ ఒక్క అంకె.

"తొంభై ఐదు" అంది రత్నమాల. "కొట్టండి రావుగారూ, టైమవుతోంది."

అతను యాభై ఐదు కొట్టాడు. గంట మోగింది. తెర మీద 'మిస్‌మ్యాచ్' అని పడింది.

ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని కొనలో తుపాకి గొట్టం ఉంది.

"చెరిపేసి తొంభై ఐదు కొట్టండి. మీరెప్పుడూ నేను చెప్పిందే కొట్టేవారు కదా."

"మీ అమ్మగారికి ఎలా ఉంది?" అన్నాడతను.

"నాకు అమ్మ లేదండి."

గొంతులో కోపం లేదు, జాలీ లేదు. రాజమండ్రి అమ్మకని అతను కొన్న శాలువా మియాపూర్‌లో అతని గదిలో, ఇంకా కట్టు విప్పకుండా ఉంది.

రెండోసారి కూడా కలవకపోతే కంప్యూటర్ తనంతట తాను తాళం వేసుకుంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను ఆవిడ కళ్ళల్లోకి చూస్తూనే మళ్ళీ యాభై ఐదు కొట్టాడు. తెరలు రెండూ నల్లబడ్డాయి. గడియారం పది కొట్టింది. పంపు కదల్లేదు.

లిప్‌స్టిక్ పేలింది. గుండెకి గురిపెట్టింది, భుజానికి తగిలింది. మనసొప్పలేదో, గురే రాదో అతనికి తెలియలేదు. చప్పుడు విని వచ్చిన గార్డులు తీసుకెళ్ళేటప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

దవాఖానకి చీఫ్ యాపిల్ పళ్ళు, ఒక సర్క్యులర్ కాపీ పట్టుకొచ్చాడు. తెరల ముందు కూర్చునే ఆపరేటర్లిద్దరూ ఇకమీదట ఒకరితో ఒకరు మాట్లాడరాదని అందులో ఉంది. భీమేశ్వరరావు రెండుసార్లు చదివాడు. మంచి సర్క్యులరే. ప్రభుత్వం వారిది కాబట్టి ఆర్నెల్లు ఆలస్యంగా వచ్చింది.