కంకర లైను మీద ఏడుపు

శివనగర్ వెనక కంకర లైను పేరెత్తితే చాలు, ఆ రోజుల్లో మా వాడ పిల్లలు నోట్లో అన్నం ముద్ద గబుక్కున మింగేవాళ్లు. రైలు పట్టాల కింద పరిచే కంకర కోసం ఎప్పుడో ఒక గుట్టను తవ్వారు. ఆ రాళ్లు మోయడానికి వేసిన చిన్న లైను అది. తవ్వకం ఆగిపోయింది. పట్టాలు తుప్పు పట్టాయి, మధ్యలో తుమ్మలు మొలిచాయి. రాళ్లు మోసే కూలీ మనిషి ఒకామె బండ కింద నలిగి చచ్చిపోయిందనీ, పొద్దుగూకితే దెయ్యమై అక్కడే తిరుగుతుందనీ చెప్పుకునేవాళ్లు. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు... యాకయ్య చూసేదాకా.

యాకయ్య సంగతి చెప్పాలంటే ముందు మా వాడ సంగతి చెప్పాలి. డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో. వాడంతటికీ ఒక్కటే నల్లా. ఈ ఇంట్లో తుమ్మితే ఆ ఇంట్లోంచి "చిరంజీవ" అని వినపడేది. ఎవరికి మంచి జరిగినా, చెడు జరిగినా అందరూ వచ్చి మీద పడేవాళ్లు. ప్రేమే, కాదనను. కానీ ఊపిరాడేది కాదు.

ఆ వాడలోనే వెంకట్రాజం ఉండేవాడు. మిల్లులో పని. రెండు గదుల్లో పదకొండు మంది. ఆ వానాకాలం అతని చిన్న బిడ్డ జ్వరంతో పోయింది. భార్య లక్ష్మీనర్సమ్మ ఏడవబోయేసరికి అత్త పట్టుకుంది, తోడికోడలు పట్టుకుంది, పక్కింటి హుసేన్‌బీ గుండెకు అదుముకుంది. "ఊకో బిడ్డా, ఊకో" అంటూ తలా ఒక చెయ్యి వేశారు. ఆమె ఊరుకుంది. అట్లా ఇట్లా కాదు... మాటే బందైంది. తిండి కూడా తగ్గిపోయింది.

దవాఖానలో డాక్టరు ఒక్కటే చెప్పాడట — "మనుషులు లేని దగ్గర రోజు జర నడిపియ్యి. ఇట్లనే ఉంటే మనిషి దక్కది."

మనుషులు లేని జాగా! వెంకట్రాజం వెతకడం మొదలుపెట్టాడు. తెల్లారకముందే పొలం గట్ల మీదికి తీసుకుపోతే, చెంబులు పట్టుకున్న జనం. చెరువు కట్ట మీద బట్టలు ఉతికేవాళ్లు, ఈత కొట్టేవాళ్లు. కోటకు పోతే మేకలు, మేకల వెనక మనుషులు. ఆఖరికి వల్లకాటికి పోయి చూశాడు, అక్కడ పేకాట నడుస్తోంది.

మమ్మల్ని కూడా అడిగాడు. "ఎవ్వలు నడువని తొవ్వ ఏమన్న ఉన్నదానే?"

"చంద్రుని మీద ఉన్నదట, పోతవా?" అన్నాడు టీ కొట్టు జలాల్. అందరం నవ్వాం.

కొన్నాళ్లకు అడగడం మానేశాడు. పాపం, విసిగిపోయాడనుకున్నాం.

చిత్రంగా ఆ చలికాలం నుంచి లక్ష్మీనర్సమ్మ కొంచెం తేరుకుంది. ఒకరోజు నల్లా దగ్గర "నా బిందె జర జరుపక్కా" అన్నది. వాడంతా పండుగైంది. నా తాయెత్తు మహిమ అంది హుసేన్‌బీ. నా మొక్కు మహిమ అంది అత్త.

సరిగ్గా ఆ రోజుల్లోనే...

మా వాడ రాజక్క కొడుకు యాకయ్య బజారు నుంచి సైకిల్ మీద ఇంటికొస్తున్నాడు. బాగా చీకటి పడింది. రైలు గేటు దగ్గర గూడ్సు బండి అడ్డంగా ఆగి ఎంతకూ కదలడం లేదు. ఆకలి దంచేస్తోంది. ధైర్యం చేసి కంకర లైను తొవ్వ పట్టాడు.

అతని సైకిలుకు డైనమో దీపం. తొక్కినంతసేపే వెలుగు.

గుట్ట మలుపు దాకా బాగానే వచ్చాడు. అప్పుడు వినిపించింది —

ఏడుపు.

నక్క కాదు. గాలి కాదు. ఆడమనిషి గొంతు... కడుపులోంచి తోడి పోస్తున్నట్టుంది.

భయానికి కాళ్లు ఆగాయి. కాళ్లు ఆగితే చక్రం ఆగింది. చక్రం ఆగితే దీపం పోయింది.

ఆ చీకట్లో, తవ్వేసిన గుట్ట అంచున, మసకగా రెండు ఆకారాలు. ఒకటి నిలబడి ఉంది. ఒకటి కూర్చుని ఉంది. కూర్చున్నది రెండు చేతులూ చాచింది —

"బిడ్డా... ఇంటికి పోదాం రా... రా బిడ్డా..."

సైకిల్ అక్కడే పారేసి ఎట్లా వచ్చి పడ్డాడో యాకయ్యకే తెలియదు. ఒళ్లు కాలిపోతూ మంచం పట్టాడు. "పిలిచిందే... నన్నే పిలిచింది..." అని ఒకటే కలవరింతలు.

తల్లి రాజక్క నడివాడలో కూలబడి ఏడ్చింది. ఇక మా వాళ్లు ఊరుకుంటారా! దెయ్యాన్ని తరమడానికి వర్ధన్నపేట నుంచి బైండ్లాయన్ని పిలిపించాలని తేల్చారు. వెంకట్రాజం ఒక్కడే అడ్డం వచ్చాడు.

"అది ఎవ్వలనన్న కొట్టిందా, తిట్టిందా? దాని మానాన దాన్ని ఉండనియ్యరాదుండ్రి."

"నీ బిడ్డనైతే పిలువలేదు గదా!" అని రాజక్క మీదికి వచ్చింది. బిడ్డ పోయినవాడితో ఆ మాట అనకూడదని ఆమెకు తట్టలేదు. వెంకట్రాజం తల దించుకుని వెళ్లిపోయాడు.

అమావాస్య నాడు వాడంతా కదిలింది. పెట్రోమాక్సు దీపాలు... జమిడిక మోత... కోడిని కోశారు. పసుపన్నం చల్లారు. నాలుగు దిక్కులా మేకులు దిగగొట్టారు.

"పోయింది" అన్నాడు బైండ్లాయన.

నిజంగానే పోయింది. మళ్లీ అక్కడ ఎవరికీ ఏడుపు వినపడలేదు.

దెయ్యం పోయాక మనుషులు వచ్చారు. ముందు కట్టెలు ఏరేవాళ్లు, ఆ వెనక గాలిపటాల పిల్లలు, ఆ వెనక జలాల్ రెండో టీ కొట్టు. ఏడాది తిరక్కముందే సున్నంతో గీతలు గీసి ప్లాట్లన్నారు.

లక్ష్మీనర్సమ్మకు మళ్లీ మాట పోయింది. కంకర లైను మీద తరిమిన దెయ్యం పోయి ఆమెనే పట్టిందని వాడ తీర్పు చెప్పింది. బైండ్లాయన మళ్లీ వచ్చి వేపమండలతో కొట్టాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు, కళ్లు కూడా మూసుకోలేదు. ఆ నెలలోనే వెంకట్రాజం ఆమెను తీసుకుని వాడ వదిలిపోయాడు.

నాలుగైదేళ్ల తర్వాత అత్తగారింటికి పోతుంటే డోర్నకల్ స్టేషన్‌లో కనబడ్డారు ఇద్దరూ. ప్లాట్‌ఫారం చివర, దీపాలు లేని దగ్గర, అటూ ఇటూ నడుస్తున్నారు. అతను ముందు, ఆమె వెనక. ఆమె ఎంత చిక్కిపోయిందంటే మొదట పోల్చుకోలేకపోయాను.

"వెంకట్రాజమన్నా! అక్కకు ఎట్లుంది?"

అతను చుట్టూ చూశాడు. దగ్గర ఎవరూ లేరని తెలుసుకుని, గుసగుసగా అన్నాడు —

"ఇగ దాచుడెందుకు తమ్మీ... యాకయ్య చూసింది మమ్మల్నే."

నేను లక్ష్మీనర్సమ్మ వైపు చూశాను.

"డాక్టరు నడిపియ్యమన్నడే గాదు, కడుపునిండ ఏడ్వనియ్యమన్నడు. ఇంట్ల ఏడ్వనిస్తరా? దెయ్యం భయానికి ఆ ఒక్క జాగకే ఎవ్వలు రాకపోదురు. ఆడ కూసోని ఏడ్చేది. బిడ్డను పిలిచేది. ఏడ్చినంక... నాతోని మాట్లాడుకుంట ఇంటికి వచ్చేది తమ్మీ."

"అప్పుడే మాకు చెప్పకపోతివే!"

"చెప్తే మీరు ఆడికే వచ్చి ఓదారుస్తుంటిరి గద."

వచ్చేవాళ్లమే. వాడంతా వచ్చేవాళ్లం.

"ఇప్పుడు ఎక్కడ...?"

"ఏడ తమ్మీ? రఘునాథపల్లి దిక్కు చూసిన, ఈ దిక్కు చూస్తాన. ఏడ పోయినా మనుషులే." అతను ఇంకా దగ్గరికి జరిగాడు. గొంతు ఇంకా తగ్గింది. "మీ అత్తగారూరు ఇక్కడనే గద... ఆడ దెయ్యం తిరిగే జాగ ఏమన్న ఉన్నదా?"

లక్ష్మీనర్సమ్మ అప్పుడు తలెత్తింది. నా నోటి వైపే చూస్తోంది.

ఉండేది. ఊరి బయట పాడుబడ్డ బంగళా ఒకటి. దీపాలు పెట్టే వేళ దాటితే ఎవరూ అటు పోయేవాళ్లు కాదు. ఇంకా ఉందని అబద్ధం చెబుదామా అనిపించింది. చెప్పలేకపోయాను.

"ఉండేదన్నా... మొన్ననే తరిమిండ్రు. ఇప్పుడు ఆడ రైసుమిల్లు కడుతాండ్రు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదిలాయి. అప్పుడే ప్యాసింజరు వచ్చి ఆగింది. తలుపు తలుపుకూ జనం... మూటలు, పిల్లలు, అరుపులు. చూస్తుండగానే మా చుట్టూ నిండిపోయారు.

ఆ జనంలోంచి ఎవరో పెద్దావిడ ఆమెను చూసి ఆగింది. మూట కింద పెట్టి, దగ్గరికి వచ్చి, రెండు చేతులతో తల నిమిరింది.

"ఊకో బిడ్డా... ఊకో."

లక్ష్మీనర్సమ్మ ఊరుకుంది.