గాలాడని పెట్టె

పొద్దున ఏడు కూడా కాలేదు, కుళ్లాయప్ప అప్పటికే కాలిన మోటారు తెచ్చిన రైతు ఓబన్న మీద ఎగిరిపడుతున్నాడు.

"మోటారు మీద గోనెసంచి కప్పినావా లేదా? నిజం చెప్పు."

"ఎండకు కాలిపోతాదని కప్పినా అన్నా," ఓబన్న తల గోక్కున్నాడు. "దుమ్ము గూడా పడదు కదా అని."

"ఎండకు కాలలేదప్పా, నీ ప్రేమకు కాలింది! దానికి ఊపిరాడద్దా? వెనకాల ఫ్యాను ఎందుకుండాది? చల్లగాలి లోపలికి పోవల్ల, వేడి బయటికి రావల్ల. ముక్కూ నోరూ మూసి పరిగెత్తమంటే నువ్వు పరిగెత్తుతావా?"

ఓబన్న నవ్వలేక నవ్వి, మోటారు అక్కడే వదిలి టీ తాగడానికి జారుకున్నాడు.

కదిరిలో ఒక సందు చివర కుళ్లాయప్పది మోటారు వైండింగు షాపు. ముందు గది షాపు, వెనక గదులు ఇల్లు. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల పల్లెల్లో కాలిన మోటార్లు ఆ గడప ముందుకే వస్తున్నాయి. మీటర్లూ గీటర్లూ అతనికి తర్వాత, ముందు అరచెయ్యి. తిరిగే మోటారు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఇది ఇంకో ఏడాది లాగుతాది, ఇది ఈ వారం దాటదు అని చెప్పేస్తాడు. చెప్పింది తప్పడం చాలా తక్కువ. ఆ సంగతి పదిమందికీ చెప్పుకోవడం అంటే అతనికి మహా ఇష్టం కూడా.

"ఉగ్గాని చల్లారిపోతాండాది, వస్తావా రావా?" లోపలినుంచి భార్య ఆంజినమ్మ కేకేసింది.

చేతులు కిరసనాయిలుతో రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని లోపలికి వెళ్లాడు. ఎంత కడిగినా వేళ్ల సందుల్లో వార్నిషు మరక పోదు. పీట మీద కూర్చోబోతూ ఆగిపోయాడు. గోడ పక్కన కూతురి పెద్ద సంచి తెరిచి ఉంది. అందులో బట్టలు మడతపెట్టి ఉన్నాయి.

"ఎవరికి పాపా ఈ సంచి?"

ఈశ్వరి తల ఎత్తలేదు. "నాకే నాయనా. సోమవారం బెంగుళూరు పోతాండా. ఇంక ఆఫీసులోనే పని."

కుళ్లాయప్ప పీట మీద కూర్చున్నాడు గానీ, ఉగ్గాని పళ్లెం దగ్గరికి లాక్కోలేదు.

ఈశ్వరి వాళ్లకు ఒక్కతే కూతురు. ఇంకా కట్టని ఇళ్లను కట్టినట్టే కంప్యూటర్లో బొమ్మలు చేసి చూపించడం ఆమె పని. ఒక్కో బొమ్మ పూర్తి కావాలంటే కంప్యూటర్ గంటల తరబడి ఆగకుండా కష్టపడాలి. బెంగుళూరు హాస్టల్లో రెండేళ్లుండి, తిండి పడక, నిద్ర పట్టక, పుల్లలా ఎండిపోయి ఇంటికొచ్చింది. వేరే కంపెనీ ఒకటి ఒప్పుకుంది. ఆరు నెలలు ఇంటినుంచి చేసి, చెప్పిన టైముకు పని అప్పజెప్తే, ఎప్పటికీ కదిరినుంచే చేసుకోవచ్చు అన్నారు. ఆ రోజు కుళ్లాయప్ప రాగి తీగ చుట్టలు దాచే గదిని ఖాళీ చేసి, తనే సున్నం వేసి, కూతురికి ఇచ్చాడు. ఆరు నెలలు నిండడానికి ఇంకా మూడు వారాలున్నాయి.

"హాస్టలు నా వల్ల కాదని ఏడ్చింది ఎవరమ్మీ?" అన్నాడు.

"అప్పుడు వేరే నాయనా. ఆఫీసులో ఉంటే పని బాగా నేర్చుకోవచ్చు. నాకూ పోవాలనే ఉండాది."

"పోవాలనే ఉండాదా! ఈ ఇంట్లో ఏం తక్కువైంది నీకు? గది ఇచ్చినా. ఈ కదిరిలో ఎవరింట్లో ఉండాది అట్లాంటి కంప్యూటరు? అద్దాలేమి, లైట్లేమి! నీ స్నేహితురాళ్లు వచ్చి ఫోటోలు దిగి పోలేదా? ఇంత చేసినా నాయన ఇల్లు చేదైపోయిందా?"

ఈశ్వరి ఇంకో జత బట్టలు మడతపెట్టి సంచిలో పెట్టింది. అది చూసి అతనికి ఇంకా ఒళ్లు మండింది. "పట్నం రుచి తగిలినంక ఇంతే! పో, పో!"

"చాలించయ్యా!" ఆంజినమ్మ గరిటె దభీమని పెట్టింది. "ఆ కంప్యూటరు మాట మాత్రం ఎత్తద్దు."

"అమ్మా, వద్దు," ఈశ్వరి తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు వద్దు? ఎన్నాళ్లు కడుపులో పెట్టుకుంటావు?" ఆంజినమ్మ భర్త వైపు తిరిగింది. "నువ్వు తెచ్చిన ఆ పెట్టే నీ కూతుర్ని ఈ ఇంట్లోంచి ఎల్లగొడతాండాది, తెలుసా? చలికాలం ఎట్లో గడిచింది. ఎండలు ముదిరినంక గంట పనిచేస్తే చాలు, వేడెక్కి దానంతట అదే ఆగిపోతాది. చేసిందంతా పోతాది. పాప కోడి కూయకముందే లేచి చల్లపూట ఇంత చేసుకుంటాండె. నువ్వు షాపులో ఉంటే పక్కద్దం ఊడదీసి, టేబుల్ ఫ్యాను పెట్టుకుంటాండె. నువ్వేమో లోపలికి వచ్చినప్పుడల్లా, దుమ్ము పడతాదమ్మీ అని ఆ అద్దం తెచ్చి బిగిస్తివి!"

"నేనా?"

"నువ్వే. నాలుగు పనులు లేటయినాయి. మొన్న వాళ్ల జయరాజు సారు తేల్చేసినాడు. మీ ఇంటి సిస్టమును నమ్ముకుంటే కుదరదు, ఆఫీసుకొచ్చి చెయ్యి అని."

కుళ్లాయప్ప లేచాడు. కూతురి గదిలోకి నడిచాడు.

బల్ల మీద కంప్యూటర్ భాగాలుండే ఆ పెట్టె, క్యాబినెట్. ముందు అద్దం, పక్కన అద్దం, పొద్దున పెట్టిన పని ఇంకా నడుస్తున్నట్టుంది, లోపల నాలుగు ఫ్యాన్లు నీలంగా, గులాబీగా వెలుగుతూ తిరుగుతున్నాయి. ఇంటికి ఎవరొచ్చినా ముందు దీన్నే చూపించేవాడు. కానీ చూపించడమే. ఈ ఐదు నెలల్లో ఒక్కసారి కూడా అద్దాన్ని అరచేత్తో తాకలేదు. పక్కద్దం బిగించేటప్పుడు కూడా చేతికి తువ్వాలు చుట్టుకుని అంచులు పట్టుకునేవాడు. తన చేతి జిడ్డు అంటి అంత అందమైన వస్తువు పాడైపోతుందని భయం.

ఇప్పుడు అరచెయ్యి పెట్టాడు. చురుక్కుమంది.

జేబులోంచి పల్చటి కాగితం ముక్క తీసి, ముందు అద్దం అంచున ఉన్న సన్నటి సందు దగ్గర పట్టుకున్నాడు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. కాగితం కదల్లేదు. గాలి లోపలికి పోతేగా కదలడానికి! నాలుగు ఫ్యాన్లూ లోపలున్న వేడి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతున్నాయి. గోనెసంచి కప్పిన ఓబన్న మోటారుకీ దీనికీ ఏమిటి తేడా?

కుళ్లాయప్ప అక్కడే నేలమీద కూలబడ్డాడు.

కంప్యూటర్ కొనడానికి అనంతపురం వెళ్లిన రోజు గుర్తొచ్చింది. ఈశ్వరికి జ్వరం. లిస్టు రాసి ఇచ్చి పంపింది. ఆఖరి లైను ఇప్పటికీ కళ్లకు కడుతోంది: 'క్యాబినెట్ - నల్లది, ముందంతా జాలీ ఉండేది.' కింద రెండు గీతలు. షాపు ఓనరు ముఖేష్ ఆ నల్ల పెట్టెను తెచ్చి ముందు పెట్టాడు. ముందంతా సన్న రంధ్రాల రేకు. లైట్లు లేవు, మెరుపు లేదు. అచ్చం బోరు దగ్గర స్టార్టరు డబ్బాలా ఉంది. దాని పక్కనే, అల్మరాలో, అద్దాల పెట్టె ధగధగలాడుతోంది.

"దాంట్లో గాలి సరిగా ఆడదన్నా," ముఖేష్ ఉన్నదున్నట్టు చెప్పాడు. "మన ఎండలకు పాప రాసిందే మంచిది. అది చూపుకే."

"ఫ్యాన్లు నాలుగు కనపడతాండాయి కదప్పా! ఫ్యాన్ల గురించి నాకు చెప్తావా?" అని నవ్వి, అద్దాల పెట్టెనే కట్టించుకుని వచ్చాడు కుళ్లాయప్ప. ఎవరి మాటా వినని గొప్ప మెకానిక్కు మరి!

గడప దగ్గర అలికిడైంది. ఈశ్వరి వచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదమ్మీ? తెచ్చిన రోజే ఇది పనికిరాదు నాయనా అని మొగాన చెప్పుంటే మార్చుకొస్తా ఉంటి కదా."

"ఎట్ల చెప్పేది? వీధిలో వాళ్లందర్నీ పిలుచుకొచ్చి చూపిస్తివి. నీ మొగం ఎట్లుండిందో నీకేం తెలుసు?" ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇంకోటి గూడా ఉండాది. సైకిలు."

ఆ సైకిలును కుళ్లాయప్ప మర్చిపోలేదు.

ఎనిమిదో తరగతిలో ఆమెకు సైకిలు కావాలంటే, పాత ఫ్రేము తెచ్చి, తనే అతుకులు వేసి, మోటార్లకు వేసే ఆకుపచ్చ రంగు పూసి ఇచ్చాడు. బడిలో పిల్లలు నవ్వారు. ఈశ్వరి దాన్ని బడి దగ్గరే పడేసి నడిచి వచ్చింది. "ఎప్పుడూ నీ షాపు సామాన్లే నాకు! పదిమందిలో పరువు తీసినావు," అని ఏడ్చింది. కుళ్లాయప్ప మర్నాడు సైకిలు పాత ఇనుము వాడికి వేసేశాడు.

"ఆ సాయంత్రం నువ్వు షాపులో ఒక్కడివే కూర్చోని రంగు బ్రష్షు కడుగుతాంటివి," అంది ఈశ్వరి. "బ్రష్షు ఎప్పుడో శుభ్రమైపోయింది. నువ్వు కడుగుతానే ఉంటివి. నేను వాకిట్లోంచి చూసినా. ఇంక జన్మలో నాయన ఇచ్చింది బాగలేదు అనకూడదనుకున్నా."

"అయ్యో పిచ్చిదానా," కుళ్లాయప్ప మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "ఆ సైకిలు మనసులో పెట్టుకోనే నేను గూడా దీన్ని కొనింది. ఈసారన్నా నా బిడ్డకు నలుగురూ మెచ్చేది ఇద్దామని. నువ్వు రాసింది చూస్తే స్టార్టరు డబ్బా మాదిరి కనపడింది. ఊరి మోటార్లన్నిటి మీదా చెయ్యి పెట్టి చూసేవాణ్ణి, నా బిడ్డ కూడు పెట్టే దాని మీద పెట్టకపోతినే!"

ముప్పై ఏళ్లలో భర్త ఏడవడం ఆంజినమ్మ చూడలేదు. తలుపు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారుకు ఫోన్ చేసియ్యి పాపా. తప్పు నాదని నేను చెప్తా. కాళ్లు పట్టుకుంటా," అన్నాడు కుళ్లాయప్ప.

"అయిపోయింది నాయనా. ఇంటినుంచి చేసే పని వేరే అమ్మాయికి ఇచ్చేసినారు. ఆర్నెల్లు ఆఫీసులో చేస్తే, మళ్లీ అడగమన్నాడు. అప్పుడు చూస్తారంట. అంతే."

అతను కళ్లు తుడుచుకుని లేచాడు. "అనంతపురం పోయి నువ్వు రాసిందే తెస్తా."

"వద్దు. దీన్నే కోసి గాలాడేట్టు చెయ్యి," అంది ఈశ్వరి. "నీకు రాదా ఏమి?"

రాకపోవడమేమిటి! శనివారమంతా షాపు మూసేశాడు. ఓబన్న వచ్చి తన మోటారు సంగతి అడిగితే, "నీకంటే ముందు నాదుండాదప్పా, కూర్చో," అన్నాడు. ఈశ్వరి లోపలి భాగాలన్నీ జాగ్రత్తగా విప్పి పక్కన పెట్టింది. మూలమూలలా పేరుకున్న ఎర్రదుమ్మును బ్రష్షుతో దులిపింది. ముందు అద్దం తీసేసి, దాని కొలతకు రంధ్రాల రేకు కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రాసి బిగించాడు కుళ్లాయప్ప. పైకప్పులో వేడి పోయే దారి వెడల్పు చేశాడు. కాగితం ముక్క పట్టి చూస్తే రేకుకు అతుక్కుపోయింది. రంగు మాత్రం బజారులో కొత్తది, నల్లది తెచ్చాడు.

ఈశ్వరి ఆ డబ్బా పక్కకు జరిపి, అటక మీదినుంచి ఆకుపచ్చ డబ్బా దించింది. "ఇది వెయ్యి."

"నవ్వుతారమ్మీ."

"నవ్వనీ నాయనా."

కుళ్లాయప్ప బ్రష్షు ఆకుపచ్చ రంగులో ముంచాడు. ఒక్క చార కూడా కారకుండా వేశాడు.

ఆదివారం ఉదయం పదింటికి ఈశ్వరి అన్నిటికంటే పెద్ద బొమ్మను పనికి పెట్టింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పన్నెండయింది. రెండయింది. ముగ్గురూ ఆ గదిలోనే కంచాలు పెట్టుకుని సంగటి తిన్నారు. నాలుగున్నరకు బొమ్మ పూర్తయింది. మధ్యలో ఒక్కసారీ ఆగలేదు. తెర మీద ఎవరిదో ఇల్లు, వరండా, వరండాలో ఉయ్యాల.

"ఐదు నెలల కిందట ఇట్ల చేసుంటే..." అంటూ ఆంజినమ్మ సంచి వైపు చూసింది.

సంచి గోడ పక్కనే ఉంది. జిప్పు వేసేశారు. తెల్లారితే బెంగుళూరు బస్సు.

"నేను మళ్లీ వచ్చేదాకా ఇది ఈడే ఉంటాది," అంది ఈశ్వరి. "వారానికోసారి దుమ్ము దులుపు. గోనెసంచి మాత్రం కప్పద్దు నాయనా."

కుళ్లాయప్ప నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఎట్లుండాదో చూడల్ల," అంటూ లేచి, అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలుకు చేతులు తుడుచుకోబోయాడు.

ఈశ్వరి అతని మణికట్టు పట్టుకుంది. "తుడవద్దు. అట్లే పెట్టు."

పక్కనున్న అద్దం మీద అరచెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

"చల్లగుండాది పాపా," అన్నాడు. "ఎన్నాళ్లైనా లాగుతాది."

చెయ్యి తీసేసరికి అద్దం మీద ఐదు వేళ్లూ జిడ్డుగా అచ్చుపడ్డాయి. ఆంజినమ్మ తడిగుడ్డ తేబోతే ఈశ్వరి వద్దంది. ఆ మరక మీద తన చెయ్యి పెట్టి, తండ్రి భుజానికి తల ఆనించి, తనివితీరా ఏడ్చింది.