మూడు స్టేషన్ల లెక్క

లెక్కల బావను పొద్దున్నే ఆఫీసు మెట్ల మీద చంపేశారు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు. గుప్పిట్లో సగం రాసిన కాగితం.

బావమరిది అదే గూఢచారి శాఖలో ఏజెంటు. నెమ్మదస్తుడని అందరూ ‘నత్త’ అంటారు. చీఫ్ అతణ్ణి కూర్చోమన్నాడు.

“కరెంటు గ్రిడ్ మోడల్ ఆపమని మీ బావ వారం నుంచి గొడవ. విదేశీ ముఠా మనిషేమోనని ఫైలు తెరిచాం. ఇవాళ పన్నెండుకి ఆ మోడల్ నగరమంతా తన చేతిలోకి తీసుకుంటుంది.”

“మోడల్లో లోపముంటే?”

“పదివేలసార్లు సిమ్యులేషన్ నడిపారయ్యా. ఒక్కసారీ గ్రిడ్ పడలేదు. మరి ఆయన్నెవరు, ఎందుకు చంపారు? తేల్చు. మూడు గంటల టైముంది.”

కెమెరా లైటరు, వైర్‌లెస్ వాచీ ఇచ్చారు. నత్త రెండూ, బావ గుప్పిట్లోని కాగితమూ జేబులో పడేసుకుని తిన్నగా అక్క దగ్గరికి వెళ్ళాడు.

అక్క కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

“ఆ కాగితం ఇలా తే.”

బావకో చాదస్తం ఉండేది. ఎంత పెద్ద మోడలైనా మూడు స్టేషన్లకు కుదించి చేత్తో కట్టేవాడు. ఆ జవాబూ కంప్యూటర్ జవాబూ కలిస్తేనే సంతకం.

“ఒక్కో స్టేషన్ తాహతు వంద,” అంది అక్క, పెన్సిలు అందుకుంటూ. “ఇప్పుడు అరవై మోస్తోంది. పన్నెండుకి మోడల్ ఎనభైకి పెంచుతుంది. అప్పుడొకటి పడిపోయిందనుకో?”

“దాని ఎనభై మిగతా రెండింటికీ చెరి నలభై.”

“ఎనభైకి నలభై కలిస్తే నూట ఇరవై. అవీ పోతాయి. వాటి వెనకే నగరమంతా.”

“మరి కంప్యూటర్ నిలబడుతుందంటోందే!”

“మీ బావ ఇక్కడ రాశాడు చూడు. పడినదాన్ని ముందు లేపి, ఆ తర్వాత భారం పంచుతోంది. నిజంగా లేవాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. వరస తిరగేశార్రా.”

“పొరపాటేమో?”

“కావచ్చు. కావాలనే చేసి ఉండొచ్చు. లెక్క మనసుల్లోకి తొంగి చూడదుగా.” పెన్సిలు అతని చేతిలో పెట్టింది. “మీ బావ ద్రోహి కాదు.”

“నాకు తెలుసక్కా.”

“నీకొక్కడికి తెలిస్తే చాలదు.”

పదకొండూ యాభై. కంట్రోల్ రూమ్‌లో ఏసీ మెకానిక్ వేషంలో నత్త నిచ్చెన వేశాడు.

“చల్లదనం చాలట్లేదా సార్?”

“పాత మిషనే నయం,” అన్నాడు షిఫ్ట్ ఇంజనీరు. కోడ్ కలిసింది. అతని చెయ్యి మోడల్‌ని ఆపేసే మాన్యువల్ మీట పక్కకు చేరింది.

మోడల్ తయారుచేసిన స్కార్ఫ్ మేడమ్ తెర ముందు నిలబడి ఉంది. ఆమె నవ్వితే ఆ గదిలో మగాళ్ళు అంకెలు మర్చిపోతారు. ముఠా కబుర్లు శాఖకు చేరవేసేదీ ఆమే. చీఫ్‌కి కళ్ళు మూసుకుని నమ్మేంత నమ్మకం.

“మేడమ్, ఇంత పెద్ద మిషను కదా, చేత్తో ఎప్పుడైనా కట్టి చూశారా?” నిచ్చెన మీంచి అడిగాడు నత్త.

“ఏసీ బాగుచేసుకోవయ్యా, లెక్కలతో నీకేం పని?”

“మా బావ చెప్పేవాడండి. మూడు స్టేషన్లకి కట్టాలని.”

ఆమె నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. “కట్టాం. కంప్యూటర్‌తో అచ్చంగా సరిపోయింది.”

నత్త నిచ్చెన దిగాడు.

“కట్టలేదంటే పొరపాటనుకునేవాణ్ణి. కట్టిన ఎవరికైనా నూట ఇరవై వస్తుంది మేడమ్. సరిపోవడమనేదే ఉండదు.”

గోడ గడియారంలో పన్నెండుకి ఇంకా నాలుగు సెకన్లు. ఆమె వేళ్ళు చెవి జూకా మీదికి పోయాయి.

“మాన్యువల్!” అరిచాడు నత్త.

మీట పడింది. జూకా క్లిక్కుమంది. తూర్పు స్టేషన్ ఆరిపోయింది. మిగిలిన రెండు స్టేషన్ల మీటరు ముళ్ళూ అరవై నుంచి ఎగబాకి, ఎనభై దాటి, తొంభై దగ్గర వణికి, అక్కడే నిలిచిపోయాయి.

పట్టుకుని సోదా చేస్తే, ఆమె స్కార్ఫ్ పిన్నులో బావను చంపిన విషం ఇంకా మిగిలే ఉంది.

సాయంత్రం రిపోర్టు చూసి చీఫ్ ముఖం చిట్లించాడు. బావ ఫైలు మూసేసి పక్కన పెట్టాడు. “లైటరూ వాడలేదు, వాచీ వాడలేదు. ఆయుధమన్న చోట ‘పెన్సిలు’ అని రాశావేం? మన పట్టీలో అది లేదే!”

“చేర్చండి సార్, బావ పేరు మీద. పెన్సిలు మాత్రం ఇక్కడ ఉంచను. అక్క తిరిగి తెమ్మంది.”